హెల్సింకీలో పద్నాలుగు నెలలు... ఊరు మాత్రం పరిచయం కాలేదు

హెల్సింకీ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు ముప్పై ఒకటి, పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లె. పెళ్లికి ముందు గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవారు. భర్తది నరసాపురం వైపు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద పోయిన ఏడాది జనవరిలో ఇద్దరూ ఫిన్లాండ్ వెళ్లారు. హెర్తోనియెమి అనే పేటలో, మెట్రోకి ఏడు నిమిషాల నడకలో అద్దె ఫ్లాట్. ఇంకా పిల్లల్లేరు.

వెళ్లిన కొత్తలో రెండు వారాంతాల్లోనే సెనేట్ స్క్వేర్, తెల్ల కెథడ్రల్, రాతిని తొలిచి కట్టిన చర్చి, సంగీతకర్త సిబేలియస్ పేరు మీద గొట్టాలతో చేసిన స్మారకం, అన్నీ చూసేశారు. ఆ తర్వాత సెలవు దొరికితే పారిస్, రోమ్. ఎండాకాలం నెల రోజులు ఇండియా. మిగతా శనివారాలు తెలుగువాళ్ల ఇళ్లలో భోజనాలు. "హెల్సింకీలో ఇంకేముంది చూడ్డానికి? మన విజయవాడంత కూడా లేదు" అంటారట భర్త. "నాకు చూడ్డానికి కాదండీ, అక్కడి వాళ్లు బతికినట్టు ఆ ఊళ్లో బతకాలని ఉంది. బజారుకి వెళ్లినా నేనింకా టూరిస్టులాగే ఉన్నాను" అని ఈవిడ బాధ.

ప్రయత్నించకపోలేదు. ఒకసారి ట్రామ్‌లో పక్కన కూర్చున్న పెద్దావిడను "చలి బాగా ఉంది కదండీ" అని పలకరించారు. ఆవిడ తలూపి కిటికీ వైపు తిరిగింది. తర్వాతి స్టాపులో వేరే సీటు ఖాళీ కాగానే లేచి అందులోకి మారింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చారట. రెండోది ఇంకా ఇబ్బందిగా ఉంది. అదే అంతస్తులో ఒంటరిగా ఉండే అరవై దాటిన ఫిన్నిష్ ఆవిడ జనవరిలో లిఫ్టులో కనిపించి, "గురువారం సాయంత్రం మన బిల్డింగ్‌లో ఆడవాళ్ల సౌనా ఉంటుంది, వస్తావా?" అని అడిగింది. సౌనా అంటే ఆవిరి స్నానం. అందులో బట్టల్లేకుండా కూర్చోవాలని విని ఉండడంతో ఈవిడ జలుబని తప్పించుకున్నారు. అప్పటి నుంచి ఆవిడ ఎదురుపడుతుందేమోనని తలుపు సందులోంచి చూసి బయటికి వస్తున్నారట. "తెలుగు ఫ్రెండ్స్‌కి చెబితే నవ్వుతారు, ఆయనకి చెబితే వదిలెయ్ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయన్ని ఎలా కదిలించాలి? ఆవిడ ముఖం ఎలా చూడాలి?" ఇవీ ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే ఆ నారింజ రంగు మెట్రో కళ్లముందు కదిలింది. మా అమ్మాయి కాన్పుకని మొదలుపెట్టి, మూడేసి నెలల చొప్పున ఐదుసార్లు ఆ ఊళ్లో ఉండి వచ్చాను. కాబట్టి పుస్తకాల్లో చదివి కాకుండా, కాస్త అక్కడి మంచులో జారిపడిన అనుభవంతోనే రాస్తున్నాను.

జారిపడ్డానని ఊరికే అనలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు బస్టాపుకి ఇరవై గజాల దూరంలో కాలు జారి కూలబడ్డాను. వెనక వస్తున్న ఒక మధ్యవయసు మనిషి నన్ను లేపాడు, దొర్లిపోయిన బంగాళాదుంపలు ఏరి సంచీలో వేశాడు, "ఓకే?" అన్నాడు. నేను తలూపాను. మాటా పలుకూ లేకుండా నాతో పాటే స్టాపు దాకా నడిచి, నా బస్సు వచ్చేదాకా రెండడుగుల దూరంలో నిలబడి, నేను ఎక్కాక వచ్చిన దారినే వెనక్కి పోయాడు. అంటే ఆయన వెళ్లాల్సింది అటు కాదు. పేరు అడగలేదు, ఏ దేశమనీ అడగలేదు. మన దగ్గరైతే ఆ పదినిమిషాల్లో పిల్లలెందరు, అల్లుడి జీతమెంత దాకా వచ్చేవాళ్లం.

ట్రామ్‌లో ఆవిడ సంగతి దీన్నిబట్టి చూడండి. ఎదుటివాళ్ల చుట్టూ చోటు వదలడం అక్కడ మర్యాద. ఖాళీ సీటు ఉండగా పక్కన ఇరుక్కుని కూర్చోవడం వాళ్లకి ఇబ్బంది, అందుకే లేచి మారతారు. మీకూ తనకూ చోటు దొరికిందనుకుని ఉంటుంది. ఆవిడ మనసులో ఏముందో నేను ప్రమాణం చేయలేను గానీ, అక్కడ రోజూ జరిగే పనిని మీరు అవమానంగా లెక్కవేసుకుని ఏడాదిగా మోస్తున్నారు. దాన్ని దించేయండి.

ఇందులోనే మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు ఉంది. మనకి ముందు మాట, తర్వాత పని. వాళ్లకి ముందు పని, మాట ఎప్పుడో. ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుని దగ్గరవడం అక్కడ కష్టం. పక్కపక్కన నిలబడి ఒకే పని చేస్తూ ఉంటే, నాలుగోసారికో ఐదోసారికో వాళ్లే నోరు విప్పుతారు. కాబట్టి చూడాల్సిన చోట్ల జాబితా పక్కన పెట్టి, చేయాల్సిన పనులు వెతుక్కోండి.

వాటిలో నాకు బాగా నచ్చింది తివాచీల రేవు. మీరు పోయిన ఎండాకాలం ఇండియాలో ఉన్నారు కాబట్టి చూసి ఉండరు. హెల్సింకీ తీరం వెంబడి అక్కడక్కడా నగరపాలక సంస్థ చెక్క బల్లలతో రేవులు కట్టించింది. వాటిని మత్తోలాయితురి అంటారు. మత్తో అంటే తివాచీ, లాయితురి అంటే రేవు. జూన్ వస్తే జనం ఇంట్లో చాపల్లాంటి పొడుగాటి తివాచీలు చుట్టుకుని సైకిళ్ల మీద, కార్ల మీద వస్తారు. ఆ తివాచీలు చాలావరకు పాత చొక్కాలు, దుప్పట్లు పీలికలుగా చించి నేసినవి. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతల్లాంటివే అనుకోండి. బల్ల మీద పరిచి, పైన్ చెట్టు వాసన వచ్చే మెత్తటి సబ్బు పోసి, గట్టి బ్రష్షుతో రుద్దుతారు. తర్వాత రెండు రోలర్ల మధ్య పెట్టి చేత్తో తిప్పితే నీళ్లు పిండుకుపోతాయి. పక్కనే కమ్మీల మీద ఆరేసి, ఎండలో కాఫీ ఫ్లాస్కు విప్పుతారు. సముద్రం పాడవకుండా ఈమధ్య కొన్ని రేవుల్ని నీళ్ల మీంచి ఒడ్డుకి మార్చి, మురుగు కాలువలోకి పోయేలా కట్టారు. చాకిరేవు చూసి పెరిగిన మనకి అదేం వింత కాదు, కానీ డాక్టర్లూ ఇంజినీర్లూ మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి ఉతుకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. తడిసిన తివాచీ ఒక్కరి వల్ల లేవదు. రెండో కొస పట్టుకోమని అడగాలి, లేదా ఎవరో మిమ్మల్ని అడుగుతారు. నాకు ఆ దేశంలో మొదటి సంభాషణ అక్కడే జరిగింది. సంభాషణ అంటే, పట్టు, తిప్పు, చాలు. అంతే.

జూన్ దాకా ఆగక్కర్లేదు. మీ మెట్ల దగ్గర నోటీసు బోర్డు ఉంటుంది చూడండి. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో దాని మీద "తల్కోత్" అని ఒక కాగితం అంటిస్తారు. అందరూ కలిసి చేసుకునే పని అని అర్థం. చలికాలం జారకుండా చల్లిన కంకర ఊడ్చి, ఎండుటాకులు పోగేసి, పెరడు శుభ్రం చేసి, చివర్లో సాసేజీలు కాల్చుకుని కాఫీ తాగుతారు. మీరు అద్దెకున్నా ఆ బిల్డింగ్ మనిషే కదా, వెళ్లి ఒక పలుగొర్రు అందుకోండి. మీకు మాంసం పడకపోతే కాఫీతో సరిపెట్టుకోవచ్చు. పులిహోర చేసి పట్టుకెళ్దామని చేతులు దురదపెడతాయి, తెలుసు. మొదటిసారికి వద్దు. వంట తీసుకెళ్తే మీరు అతిథో, ఆతిథ్యమిచ్చేవారో అయిపోతారు. చేతులకి గ్లవ్స్ తొడుక్కుని వెళ్తే ఆ మెట్ల మనిషి అవుతారు.

బజారుకి వెళ్లినా టూరిస్టులా ఉందన్నారు. రేవు పక్కన ఉండే కౌప్పతోరికి వెళ్తుంటే అలాగే ఉంటుంది. అక్కడ అమ్మకాలు ఎక్కువగా ఓడ దిగిన వాళ్ల కోసమే. మీ మెట్రో దారిలోనే ఉన్న హకనియెమిలో దిగండి. 1914 నాటి ఎర్ర ఇటుకల మార్కెట్ హాలు, ఐదేళ్లు మూసి బాగుచేసి 2023లో మళ్లీ తెరిచారు. హాలు ముందు మైదానంలో జూలైలో పచ్చిబఠాణీ కాయలు, బెర్రీలు, కొత్త బంగాళాదుంపలు లీటర్ల లెక్కన కొలుస్తారు. కిలోలు కాదు, లీటర్లే. మన తాతలు సోలలతో, తవ్వలతో కొలిచినట్టు డబ్బాతో ముంచి పోస్తారు. ఒక లీటరు బఠాణీ కాయలు కొనుక్కుని అక్కడే బెంచీ మీద కూర్చుని ఒలుచుకుని పచ్చివే నోట్లో వేసుకోవడం ఆ ఊరి ఎండాకాలం. వండడానికని ఇంటికి మోసుకుపోకండి.

ఇంకో మాట. ఏ బేకరీ ముందు నుంచి వెళ్లినా మీకు ఏలకుల వాసన తగిలి ఇల్లు గుర్తుకొచ్చి ఉండాలే! వాళ్ల తియ్య రొట్టెల్లో ఏలకులు దంచి వేస్తారు. దాల్చినచెక్క చుట్టిన దాన్ని కోర్వపూస్తి అంటారు, అంటే చెంపపెట్టు. పండగపూట పరవాన్నంలో వేసే సరుకుకి చెంపపెట్టని పేరేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఓడి గ్రంథాలయం టూరిస్టు ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. తెలుగులో చదివితే ఓడిపోయినట్టుంటుంది గానీ ఆ మాటకి స్తుతిగీతం అని అర్థం. ఫిన్లాండ్‌కి స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్లయిన గుర్తుగా కట్టి, 2018 డిసెంబరు 5న తెరిచారు, పార్లమెంటుకి ఎదురుగా. చాలామంది మూడో అంతస్తుకి పోయి ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు రెండో అంతస్తులో ఆగండి. కుట్టు మిషన్లు వరసగా ఉంటాయి, ముందుగా టైము బుక్ చేసుకుని ఉచితంగా వాడుకోవచ్చు. జాకెట్లు వదులు చేసుకోవడానికో, కర్టెన్ల అంచులు మడవడానికో వెళ్లండి. దారం తెగినప్పుడు పక్క మిషన్ మీదున్న మనిషి కంటే మంచి స్నేహితులెవరుంటారు? గ్రంథాలయాల్లో "కియెలికహ్విలా" అని భాషా కాఫీ కూటాలు కూడా పెడతారు. ఫిన్నిష్ నేర్చుకునేవాళ్లు ఊరికే కూర్చుని తప్పులతో మాట్లాడుకునే చోటు.

భాష గురించి ఒకటి చెబుతాను, కాలేజీలో పాఠాలు చెప్పారు కాబట్టి మీకు నచ్చుతుంది. ఇంగ్లిషు వాళ్లు ఫిన్నిష్ విభక్తుల్ని చూసి దణ్ణం పెట్టేస్తారు. మనకెందుకు భయం? తలో అంటే ఇల్లు, తలోస్సా అంటే ఇంట్లో, తలోస్తా అంటే ఇంట్లోంచి. మాట చివర అతికించుకుంటూ పోవడమే. ఇల్లు "ఇంట్లో" అయినప్పుడు మొదటి మాట మారినట్టే, హెల్సింకీ కూడా "హెల్సింగిస్సా" అవుతుంది. "నా దగ్గర పుస్తకం ఉంది" అని మనం ఎలా అంటామో వాళ్లూ అలాగే అంటారు, ఇంగ్లిషులోలా కలిగి ఉండడానికి విడిగా క్రియ లేదు. మాటలన్నీ మనవి గుర్తుపట్టేలా ఉంటాయని కాదు. అతికే పద్ధతి మాత్రం మన నాలుకకి కొత్త కాదు.

ఇక సౌనా. యాభై ఆరు లక్షల జనాభాకి ముప్పై లక్షల దాకా సౌనాలున్న దేశం అది. 2020లో యునెస్కో ఆ ఆచారాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక ఫిన్నిష్ ఆవిడ తనంతట తాను సౌనాకి పిలవడమంటే, మన ఊళ్లో పక్కింటావిడ "పండక్కి మా ఇంట్లో తలంటు పోసుకుందువుగాని రా" అన్నంత దగ్గరతనం. మీరు తప్పించుకున్నందుకు ఆవిడ పగబట్టి ఉండదు. జలుబు అన్న మాటని నిజంగా జలుబనే అనుకుని ఉంటుంది, అక్కడ మాటకి చాటు అర్థాలు వెతకరు. సిగ్గు మీకే మిగిలింది.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి. ఒకటి, వెళ్లడం. ముందు షవర్ కింద స్నానం చేసి, చిన్న తువ్వాలు పరుచుకుని దాని మీద కూర్చోవాలి. పై మెట్టు మీద వేడి ఎక్కువ, కొత్తవాళ్లు కింది మెట్టు. రాళ్ల మీద నీళ్లు పోసేముందు పక్కవాళ్లని అడగాలి. ఆ ఆవిరిని లోయ్‌లు అంటారు. బట్టల్లేకుండా కూర్చోవడం వాళ్ల అలవాటు, కానీ పెద్ద తువ్వాలు చుట్టుకుని కూర్చుంటే గెంటేసే వాళ్లెవరూ లేరు. ముందే ఆవిడతో "నాకు అలవాటు లేదు, తువ్వాలుతో వస్తాను" అని చెప్పేస్తే సరి. అయిదు నిమిషాల్లో ఎవరి ఒళ్లు ఎవరూ చూడటం లేదని మీకే తెలుస్తుంది, చూసేంత వెలుతురూ ఉండదు. తేలిగ్గా చెబుతున్నాననుకోకండి, మొదటిసారి నేను మూడు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

రెండోది, మెల్లగా అలవాటు పడడం. మీ బిల్డింగ్‌లోనే వారానికో గంట కుటుంబానికి విడిగా బుక్ చేసుకునే వీలుంటుంది, కనుక్కుని ముందు ఆయనతో వెళ్లండి. లేదంటే హెర్నెసారి తీరంలో లోయ్‌లు అనే పేరుతోనే 2016లో తెరిచిన సౌనా ఉంది. అక్కడ ఆడా మగా స్విమ్‌సూట్‌లతోనే కూర్చుంటారు. ఖరీదు ఎక్కువే, టూరిస్టులూ ఎక్కువే, అయినా భయం పోవడానికి పనికొస్తుంది. కాల్లియో పేటలో 1928 నాటి కోతిహర్యు సౌనా అసలు సిసలుది, కట్టెల పొయ్యితో, ఆడా మగా విడివిడిగా. అక్కడికి తర్వాత వెళ్లొచ్చు.

మూడోది, అసలు వెళ్లకపోవడం. మీ ఒళ్లు మీది. స్థానికులు చేసే ప్రతి పనీ చేస్తేనే ఆ ఊరు మీదవుతుందని నేను అనను. కానీ అప్పుడు నిజం చెప్పి, బదులుగా కాఫీకి పిలవండి. సౌనాలో గంటసేపు మౌనంగా దొరికే చనువు కాఫీ బల్ల దగ్గర రావడానికి కాస్త ఎక్కువ కాలం పడుతుంది, అంతే తేడా. ఈ మూడూ కాకుండా మీరిప్పుడు నడుస్తున్న దారి ఒకటుంది, తలుపు సందులోంచి చూసి బయటికి రావడం. అది మాత్రం మానేయండి.

మీవారి సంగతికి వద్దాం. ఆయన తప్పేమీ లేదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి శనివారం తెలుగు మాట, తెలుగు కూర దొరికితే ప్రాణం లేచొస్తుంది. ఆయన్ని ఊరు చూద్దాం రమ్మని లాక్కెళ్తే పెద్దాయన్ని పెళ్లిచూపులకి తీసుకెళ్లినట్టు గడియారం చూసుకుంటూ నిలబడతారు. మీరొక్కరే మామూలు రోజుల్లో తిరగొచ్చు, అది సులువు. కానీ ఏడాది తిరిగేసరికి మీకో హెల్సింకీ, ఆయనకి ఆఫీసొకటే ఉంటాయి. ఆయన ఒకరోజు "ఇక ఇండియా వెళ్లిపోదాం" అంటే మీ ఇద్దరి మనసూ ఒకటి కాకపోవచ్చు. అది మంచో చెడో నేను తేల్చలేను, ముందే ఎరిగి ఉంటే మేలు.

ఉత్తరం చివర్లో మీరు ఊరికే రాసిన ఒక వాక్యం నాకు పట్టుకుంది. చిన్నప్పుడు కాలవగట్టు మీద గాలం వేసుకుని కూర్చునేవారని ఆయన ఇప్పటికీ చెబుతారన్నారు. ఫిన్లాండ్‌లో మామూలు కర్ర, దారం, కొక్కెంతో గాలం వేయడానికి ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. వేగంగా పారే చోట్లలోనూ, వద్దని బోర్డు ఉన్నచోటా తప్ప ఎక్కడైనా వేసుకోవచ్చు. చలికాలం గడ్డకట్టిన సముద్రానికి కన్నం పెట్టి పట్టడానికీ అంతే. చక్రం తిప్పే రాడ్డు కావాలంటే మాత్రం ఫీజు కట్టాలి. మీ పేట పక్కనే సముద్రం. ఒక కర్ర కొని చేతికివ్వండి. ఊరు చూడమని అడగొద్దు. గట్టు మీద ముసలాళ్లు బకెట్లు పెట్టుకుని కూర్చుని ఉంటారు, ఆయన పక్కన కూర్చుంటే చాలు. పని చెయ్యకపోతే పోయేది ఒక కర్ర ఖరీదు. నెలకో ఆదివారం మాత్రం ప్రయాణాలూ, భోజనాలూ లేకుండా ఊరికే ఉంచుకుందామని ఆయనతో ఒప్పందం చేసుకోండి.

తెలుగు ఫ్రెండ్స్ నవ్వితే నవ్వనివ్వండి, వాళ్లని వదులుకోకండి. డిసెంబరులో తొమ్మిదిన్నరకి తెల్లవారి మూడుంపావుకే చీకటి పడేటప్పుడు వాళ్ల ఇంట్లో రసమే మందు.

ఒక్క చోటు మాత్రం మళ్లీ చూడమంటాను, సువోమెన్లిన్నా అనే కోట దీవి. వేసవిలో గుంపులో వెళ్లి ఫిరంగుల దగ్గర ఫొటో దిగి ఉంటారు. మార్చిలో ఒక బుధవారం వెళ్లండి. మీ దగ్గరున్న మామూలు నెల టికెట్టే ఆ పడవకీ చెల్లుతుంది. సముద్రం గడ్డకట్టి ఉంటే పడవ అడుగున మంచు విరుగుతూ, ఇత్తడి గిన్నెలు దొర్లినట్టు చప్పుడు చేస్తుంది. 1748లో స్వీడన్ వాళ్లు మొదలుపెట్టిన ఆ కోటలో ఇప్పటికీ దాదాపు ఎనిమిది వందల మంది కాపురం ఉంటున్నారు. ఆ పూట పడవలో మీతో ఉండేది కూరగాయల సంచులతో ఇళ్లకి తిరిగి పోయే వాళ్లే.

చివరగా ఆవిడ ముఖం ఎలా చూడాలన్నారు. తలుపు కొట్టకండి, చెప్పకుండా ఇంటికి వెళ్లడం అక్కడ బాగోదు. ప్రతి తలుపుకీ ఉత్తరాలు వేసే సందు ఉంటుంది కదా, అందులో ఒక చీటీ వేయండి. "మోయ్" (హలో) అని మొదలుపెట్టి, మిగతాది తేలిక ఇంగ్లిషులో రాయండి. జనవరిలో పిలిచినందుకు కృతజ్ఞతలు, నాకు సిగ్గేసి రాలేదు, ఈ గురువారం తువ్వాలుతో రావచ్చా, లేదా శనివారం మూడింటికి మా ఇంటికి కాఫీకి వస్తారా. "కీతోస్" (థాంక్స్) అని ముగించండి. కింద ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు వేయండి. మీ తలుపు మీద ఇంటిపేరు రాసే ఉంటుంది, పద్నాలుగు నెలలుగా ఆవిడ దాన్ని చదువుతూనే ఉంది. ఎలా పలకాలో మాత్రం మీరే చెప్పాలి.